కూలర్ గడ్డి, ఎండన్న, తడన్న

మార్చి ఆఖరి వారం వచ్చిందంటే మా ఇంట్లో ఒక తంతు ఉంటుంది. వెనక వసారాలో పాత దుప్పటి కప్పుకొని ఎనిమిది నెలలుగా పడుకున్న కూలర్‌ని లేపడం. నేను దాని మూడు పక్కల జాలీలు ఊడదీస్తాను. లోపలి గడ్డి పట్టుకుంటే పొడి అవుతుంది, మా బోరు నీళ్ల సున్నం దాని మీద తెల్లగా పేరుకొని ఉంటుంది. కొత్త గడ్డి తెచ్చి నింపుతాను. "నిండ కుక్కకయ్యా, గాలెట్ల ఆడుతది" అని మా ఇంటావిడ పక్కన నిలబడి ఏటా అదే మాట అంటుంది. కరీంనగర్‌లో ఆ వారం గడ్డి అమ్మేవాళ్లకు పండుగ.

కిందటేడు ఆ పని చేస్తుంటే దుబాయ్ నుంచి మనవరాలు, మనవడు వచ్చి ఉన్నారు. అక్కడ మన సిలబస్ బడులకు మార్చిలో ఏడాది ముగుస్తుంది, మధ్యలో కొన్ని రోజులు సెలవు. మనవరాలికి పదకొండేళ్లు, మనవడికి ఏడు. పిల్ల కూలర్ చుట్టూ ఒకసారి తిరిగి, పక్కన అంటించిన కాగితం చదివింది.

"తాతా, దీని మీద డెసర్ట్ కూలర్ అని ఉన్నది. డెసర్ట్ అంటే ఎడారి గద? ఎడారిల ఉండేది మేము. మా ఇంట్ల గిసొంటిది లేదు. మా దోస్తుల ఇండ్లల్ల కూడ లేదు. మీకెందుకు మరి?"

జాలీ పక్కన పెట్టి ముక్కాలి పీట మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను, ఏటా కూలర్ గడ్డి మార్చాను. ఈ ప్రశ్న నాకూ తట్టలేదు, నా క్లాసులో ఎవరికీ తట్టలేదు.

మా వైపు "దుబాయ్ పోయిండు" అంటే మనిషి మస్కట్‌లో ఉన్నా కువైట్‌లో ఉన్నా అదే మాట. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల్లో ఏ వాడకు పోయినా అలాంటి ఇల్లు ఒకటి తగులుతుంది. మా వాడు మాత్రం నిజంగానే దుబాయ్‌లో ఉన్నాడు. ఒకప్పుడు శుక్రవారం ఫోన్ చేసేవాడు. 2022 జనవరి నుంచి అక్కడి వారాంతం శని, ఆదివారాలకు మారింది, ఫోనూ మారింది. సెలవు రోజు పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోతారని అడిగితే పిల్ల వేళ్ల మీద లెక్క పెట్టింది. ఒక మాల్‌లో మంచు గది, అందులో జారుడుబండలు, పెంగ్విన్లు. 2005 నుంచి నడుస్తోందట, బయట 45 ఉన్నా లోపల సున్నాకు కింద. ఇంకో మాల్‌లో గోడంత అద్దం వెనక సొర చేపలు. చలికాలమైతే రాస్ అల్ ఖోర్ మడుగు దగ్గర గులాబి రంగు రాజహంసలు, ఇసుక దిబ్బల మీద జీపులు.

"మరి ఎండకాలం?"

"కారెక్కుతం, మాల్‌ల దిగుతం, మల్ల కారెక్కుతం."

సరే, ఇక్కడ రెండు రోజులు బయటే తిరుగుదాం, అయితే ఒక షరతు, పోయిన చోటల్లా వేడి కొలవాలి అన్నాను. బడి రోజుల నాటి గాజు థర్మామీటర్లు రెండు నా దగ్గర ఉన్నాయి, ఎర్ర స్పిరిట్‌వి, పాదరసం కాదు. రెంటినీ ఒక చెక్క స్కేలుకు దారంతో పక్కపక్కన కట్టాను. ఒకదాని గుండును ఊరికే వదిలేశాను. రెండోదాని గుండుకు పిల్లల బాపమ్మ, అంటే మా ఇంటావిడ, దీపాల పెట్టెలోంచి ఒక దూది వత్తి తెచ్చి చుట్టాను. ఆ వత్తి కొసను నీళ్లు పోసిన చిన్న మందుసీసాలో ముంచాను. పరికరం మొత్తం అంతే. పేర్లు పిల్లలే పెట్టారు. ఉత్తది ఎండన్న, వత్తి చుట్టింది తడన్న.

మధ్యాహ్నం రెండింటికి వసారాలో పెడితే ఎండన్న 39 చూపించాడు. తడన్న దిగడం మొదలుపెట్టి 30 దాటి, 25 దాటి, 22 దగ్గర ఆగాడు. మనవడు సీసాలోని నీళ్లలో వేలు పెట్టి చూశాడు. "నీళ్లు సల్లగ లెవ్వు తాతా! ఇదెట్ల సల్లగైంది?"

నీటి అణువులన్నీ ఒకే వేగంతో ఉండవు. తరగతి గది అనుకోండి. నలభై మందిలో కుదురుగా కూర్చునేవాళ్లు ఉంటారు, బెంచీల మీద ఎగిరేవాళ్లు నలుగురుంటారు. తలుపు తెరిస్తే ముందు బయటికి ఉరికేది ఆ నలుగురే. వాళ్లు పోగానే మిగిలిన తరగతి సగటున నెమ్మదవుతుంది. వేడి అంటే ఆ ఎగురుడే కాబట్టి, మిగిలిన నీరు చల్లబడుతుంది. వాళ్లు తీసుకుపోయే వేడి కొంచెం కాదు. ఒక లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవాలంటే 75 కిలో కేలరీలు చాలు, చాయ్ పెట్టేవాళ్లకు ఆ మంట ఎంతో తెలుసు. అదే లీటరు మన ఒంటి వేడి దగ్గర చెమటలా ఆవిరై పోవాలంటే 580 కావాలి, అంటే ఇంచుమించు ఎనిమిది రెట్లు. ఆ 580 మన చర్మంలోంచి పోతాయి. రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ ఇట్లాగే, దాని మట్టి ఒంటికీ చెమట పడుతుంది.

అయితే ఇదంతా బయట మైదానం ఎట్లా ఉందన్న దాని మీద ఆధారపడి ఉంది. మైదానం ఖాళీగా ఉంటే ఉరికిన నలుగురు తిరిగి రారు. అప్పటికే నిండిపోయి ఉంటే నలుగురు బయటికి పోయేలోపు నలుగురు లోపలికి తోసుకొస్తారు, తరగతి ఎప్పటిలాగే ఉంటుంది. మైదానం అంటే గాలి, అందులోని పిల్లలు అప్పటికే ఉన్న తేమ. మార్చి నుంచి జూన్ తొలకరి దాకా కరీంనగర్ మధ్యాహ్నాల గాలి ఖాళీ మైదానం. ఎండన్నకూ తడన్నకూ ఎంత దూరం ఉంటే గాలికి అంత దాహం ఉన్నట్టు. ఆ రోజు 17 డిగ్రీల దాహం.

కూలర్ చేసేది తడన్న పనే, కాకపోతే గది సైజులో. తడిసిన గడ్డిలోంచి గాలిని లాగుతుంది. దాని నోటి దగ్గర థర్మామీటర్ పెడితే 26 వచ్చింది. తడన్న చూపించిన 22 కంటే కిందికి అది ఏనాటికీ పోలేదు, ఎంత పెద్ద మోటరు పెట్టినా సరే.

ఈ లోపల మనవడు ఒక పని చేశాడు. ఏసీ ఇంట్లో పెరిగిన పిల్లవాడు కదా, చల్లగాలి రాగానే లేచి కిటికీలు, తలుపు అన్నీ మూసి వచ్చాడు. అర గంటలో గది స్నానాలగదిలా అయింది. కూలర్ ఉన్న గదికి గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉండాలి, లేకపోతే మనమే మన మైదానాన్ని నింపుకుంటాం. బాపమ్మ వచ్చి కిటికీ భళ్లున తెరిచింది. ఆమెకు ఇదంతా ఎవరూ చెప్పలేదు, పెళ్లయిన ఏడాది నుంచి తెలుసు.

శనివారం సాయంత్రం డ్యామ్‌కు బయల్దేరాం. మా ఊళ్లో డ్యామ్ అంటే దిగువ మానేరు డ్యామ్, 1985లో పూర్తయింది, నిండితే 24 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 2,830 కోట్ల లీటర్లు, మిగిలిన గుణకారం పిల్లలకు అప్పగించాను. దారిలో టవర్ సర్కిల్ దగ్గర ఆగి స్కేలు బయటికి తీశాను. ఆరు గంటలకు ఎండన్న 36, తడన్న 22. దుకాణం ముందు నిలబడ్డ ఒకాయన ఇది కరెంటు పరీక్షనా అని అడిగాడు.

కట్ట మీదికి పోయేసరికి జనమే జనం. మక్క కంకులు కాల్చేవాళ్లు, మిరపకాయ బజ్జీల బండ్లు, బెలూన్లు. నీటి మీది నుంచి గాలి మొహానికి కొడుతోంది. పిల్ల స్కేలు పట్టుకొని అటు తిరిగి నిలబడింది. ఎండన్న 33కు దిగాడు. తడన్న మాత్రం 22 దగ్గరే ఉన్నాడు.

"తాతా, తడన్న కరాబైండు."

కరాబు కాలేదు. డ్యామ్ మొత్తం ఒక కూలర్. వేడి గాలి నీళ్ల మీదుగా వస్తూ తన వేడిలో కొంత ఖర్చు పెట్టి నీటిని ఆవిరి చేస్తుంది. అందుకే ఎండన్న దిగాడు. ఆ ఆవిరి గాలిలోనే చేరింది కాబట్టి దాహం కొంత తీరింది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నట్టు, లెక్క సరిపోయి తడన్న కదలకుండా నిలబడ్డాడు. ఇట్లాంటి గాలిలో ఎండన్న ఎంత దిగినా తడన్నను దాటి పోడు.

పైగా మధ్యాహ్నం నేల వేడెక్కినంత తొందరగా నీళ్లు వేడెక్కవు. వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తే, ఆ చోటుకు నీటి మీది గాలి వస్తుంది. రాత్రి పొద్దుపోయాక నేల ముందు చల్లారి ఇదంతా తిరగబడుతుంది. కట్ట మీద ఎనిమిది దాటాక గాలి పడిపోయిందని జనం లేచిపోతుంటారు, అదీ సంగతి.

ఈ చల్లదనానికి ఖరీదు కూడా ఉంది. మే నెలలో చెరువుల మీద రోజుకు ఒక సెంటీమీటరు దాకా నీరు ఆవిరవుతుంది. ఒక చదరపు కిలోమీటరు మీద సెంటీమీటరు అంటే కోటి లీటర్లు. మనం కంకి తింటూ పీల్చుకున్న గాలికి రైతు కాలువలో ఆ మేరకు తగ్గుతుంది. రామగుండంలో ఎన్టీపీసీ వాళ్లు తమ జలాశయం మీద తేలే సోలార్ పలకలు పరిచారు, 100 మెగావాట్లు, 2022 జులైలో పూర్తిగా మొదలైంది. కరెంటు కోసమే పెట్టినా పలకల కింద నీడ పడి ఆవిరి తగ్గుతుంది, కింద నీళ్లుండటం వల్ల పలకలూ చల్లగా ఉండి ఇంకాస్త కరెంటు ఇస్తాయి. ఆ ఉపాయం నాకు నచ్చింది.

చీకటి పడ్డాక తీగల వంతెన లైట్లు చూడాలని మనవడి పట్టు. 2023 జూన్‌లో తెరిచారు. మా వాళ్లకు దుబాయ్‌లో లైట్లకు కొదవ లేదు కదా అంటే, "గవి కారులకెళ్లి చూస్తం తాతా, ఇక్కడ నడుస్తున్నం" అన్నాడు.

ఆదివారం ఎలగందుల గుట్ట. నేను పొద్దున ఆరింటికే అన్నాను, పిల్లలు సాయంత్రం అన్నారు. బాపమ్మ నా పక్షం వహించింది, అరుదైన విషయం.

ఎలగందుల ఒకప్పుడు జిల్లా కేంద్రం, 1905లో అది కరీంనగర్‌కు మారింది. మానేరు ఒడ్డున కాకతీయుల నాటి నుంచి అసఫ్‌జాహీల దాకా చేతులు మారిన కోట. పొద్దున మెట్లెక్కుతూ అరచెయ్యి బండ మీద పెట్టమన్నాను. చల్లగా ఉంది. అదే బండ సాయంత్రం ఆరింటికి పొయ్యి మీంచి దించిన పెనం. కారణం చెప్పడానికి నాకు జానెడు చాలు. ఎండ రోజంతా కొట్టినా బండలో వేడి ఒక్క రోజులో జానెడు లోతుకు సరిగా దిగదు. ఆ లోతుకు పోయేసరికి పైన ఉన్న ఊపులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ మిగులుతుంది, అదీ నాలుగు గంటలు ఆలస్యంగా చేరుతుంది. సాయంత్రం గాలి చల్లబడ్డా బండ తన జానెడు మూటలోంచి వేడిని తీసి మన కాళ్లకు పంచుతూనే ఉంటుంది. తెల్లవారేసరికి మూట ఖాళీ. కోట గోడలు రెండు మూరలు మించిన మందం, పగటి వేడి అటువైపుకు చేరేలోపే రాత్రి వచ్చేస్తుంది. మా కాంక్రీటు స్లాబు మందం జానెడైనా లేదు. మధ్యాహ్నం తాగిన ఎండను అది సరిగ్గా మనం పడుకునే వేళకు గదిలోకి దించుతుంది.

పైన రెండు మినార్లున్నాయి, దో మినార్ అంటారు. జఫరుద్దౌలా 1754లో కట్టించిన మసీదువి, ఊపితే ఊగేవని పేరు. మనవడు ఊపడానికి సిద్ధమయ్యాడు, చెయ్యి పట్టుకొని ఆపాను. ఊయల సంగతి చెప్పాను: ప్రతి ఊగే వస్తువుకూ తన సొంత తాళం ఒకటుంటుంది, ఆ తాళానికి సరిగ్గా తోస్తే చంటిపిల్ల చెయ్యి కూడా పెద్ద ఊపు పుట్టిస్తుంది. సన్నగా పొడుగ్గా కట్టిన మినార్లకు ఆ తాళం నెమ్మదిగా ఉంటుంది, మనిషి చేతికి అందేంత. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో ఇట్లాంటి ఊగే మినార్లే ఉన్నాయి. వినడం అయ్యాక వాడు చుట్టూ చూసి ఆకలి అన్నాడు. కట్టుకొచ్చిన సద్ది విప్పాం. సర్వపిండి, పెరుగు, పచ్చి ఉల్లిగడ్డ. ఎనిమిదిన్నరకు ఎండన్న 31 దాటాడు, దిగిపోయాం.

ఎడారి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పొడి గాలి పగలు ఎండను ఎట్లా దించుతుందో రాత్రి చలినీ అట్లాగే దించుతుంది. భూమి రాత్రంతా తన వేడిని ఆకాశంలోకి పంపుతుంటుంది, గాలిలోని నీటి ఆవిరి దాన్ని కొంత పట్టి వెనక్కి పంపే దుప్పటి. ఎడారిలో ఆ దుప్పటి పలచన. ఆదిలాబాద్‌లో జనవరిలో కూడా పలచనే. అందుకే మే నెలలో 45 చూసే జిల్లా చలికాలం తెల్లవారుజామున ఒంటి అంకెకు దిగుతుంది. మా వాడు చిన్నగా ఉన్నప్పుడు పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు తీసుకుపోయాను. గోండుల్లో మెస్రం వంశం వాళ్లు గోదావరి నీళ్లు తేవడానికి జన్నారం దగ్గరి కలమడుగు దాకా కాలినడకన పోయి వస్తారు. ఆ రాత్రి అందరం మంటల చుట్టూ. మా వాడు నా గొంగడి లాక్కొని కప్పుకున్నాడు. ఇసుక దిబ్బల మీద రాత్రి గడిపిన రోజు ఫోన్ చేసి, "బాపూ, కేస్లాపూర్ యాదికొచ్చింది" అన్నాడు.

ఇక ఆగస్టు. పిల్లలకు అక్కడ పెద్ద సెలవులు జులై, ఆగస్టుల్లో. వాళ్లు మళ్లీ వచ్చేసరికి ఇక్కడ ముసురు. మనవడు వస్తూనే కూలర్ స్విచ్ వేశాడు. పది నిమిషాలకు, "తాతా, ఒళ్లంత జిగట జిగట అయితున్నది" అన్నాడు. స్కేలు తీశాం. ఎండన్న 31, తడన్న 27. దాహం నాలుగే డిగ్రీలు. కూలర్ నోటి దగ్గర 28. మార్చిలో 13 డిగ్రీలు దించిన యంత్రం ఇప్పుడు మూడు దించింది, పైగా తేమ కలిపి ఇచ్చింది. నీళ్ల మోటరు ఆపి పంఖా ఒక్కటే తిప్పుకోమన్నాను. ఆగస్టులో కూలర్ అంటే చప్పుడు చేసే పంఖా.

ఆ శనివారం కుంటాలకు పోయాం. జగిత్యాల మీదుగా నిర్మల్, అక్కడ్నుంచి ఘాటు ఎక్కి నేరడిగొండ. నిర్మల్‌లో ఆగి కొయ్యబొమ్మలు కొనకపోతే బాపమ్మ ముందుకు కదలనివ్వదు. పొణికి కర్ర ఎంత తేలికో చేతిలో పెడితే తెలుస్తుంది.

కడెం వాగు మీద కుంటాల 147 అడుగులు, మన రాష్ట్రంలో పెద్ద జలపాతాల్లో అందరూ మొదట చెప్పేది. దాని పక్కన పొచ్చెర ఎత్తులో సగం కూడా లేదు, వెడల్పు ఎక్కువ. ఆగస్టులో కుంటాల నీళ్లు ఎర్రగా, మాట వినపడనంత హోరు. కింది గుండంలోకి దిగి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. పైకి నిమ్మళంగా కనపడ్డా అడుగున బండల సందుల్లో లోతులు, సుడులు ఉంటాయి, పాచి మీద కాలు నిలవదు. కంచె ఇవతలే నిలబడాలని కారులోనే ఒట్టు వేయించుకున్నాను.

ఇక్కడ నాకు జూల్ గుర్తొచ్చాడు. ఇంగ్లండులో బీరు తయారుచేసే ఇంటి బిడ్డ, పని చేస్తే వేడి పుడుతుందని, ఎంత పనికి ఎంత వేడో లెక్క తేల్చినవాడు. 1847లో పెళ్లి చేసుకొని భార్యతో ఆల్ప్స్ కొండలకు పోయాడు. అక్కడ దారిలో విలియం థామ్సన్ అనే ఇంకో శాస్త్రవేత్త ఎదురైతే, జూల్ చేతిలో పొడుగాటి థర్మామీటర్ ఉందని చెప్పుకునే కథ ఒకటుంది. జలపాతం పైన, కింద నీటి వేడి కొలవడానికట. నీళ్లు 427 మీటర్లు పడితే ఒక డిగ్రీ వేడెక్కాలి. కుంటాల 45 మీటర్లు, అంటే డిగ్రీలో పదో వంతు.

"నీళ్లు పడితే వేడెక్కుతయా? సల్లగైతయి గద!" అంది మనవరాలు.

రెండూ నిజమే, గొడవ అంతా అక్కడే. పడేటప్పుడు నీరు తుంపరగా చెదురుతుంది. ఒక బిందెడు నీళ్లకు పైభాగం చెయ్యంత ఉంటే, అదే నీళ్లు తుంపరైతే లెక్కలేనన్ని చిన్న చిన్న పైభాగాలు. ప్రతి చుక్కా ఒక తడన్న. 15 లీటర్ల బిందెలో అర చెంచా నీళ్లు ఆవిరైతే చాలు, ఆ పదో వంతు డిగ్రీ ఖర్చైపోతుంది. ఆల్ప్స్‌లో జూల్ కొలత కుదరకపోవడానికీ తుంపరే అడ్డమని ఆ కథలో ఉంది.

మేము మాత్రం ఎందుకు ఊరుకోవాలి? కంచె దగ్గర తుంపర కొట్టే చోట స్కేలు పట్టుకున్నాం. పైన దారిలో ఎండన్న 27, తడన్న 25 ఉన్నారు. ఇక్కడ ఎండన్న కూడా 25కు వచ్చి తడన్న పక్కన నిలబడ్డాడు. మనవడు చప్పట్లు కొట్టాడు, ఇద్దరూ ఒక్కటైపోయారని. గాలికి దాహం పూర్తిగా తీరింది, మైదానం కిక్కిరిసింది. ఇట్లాంటి గాలిలో తుంపర ఇక ఆవిరి కాదు కాబట్టి జూల్ పదో వంతు డిగ్రీ కింది నీళ్లలో దొరకాలి. కానీ మా థర్మామీటర్ మీద గీతకూ గీతకూ ఒక డిగ్రీ. పదో వంతును చూసే కన్ను దానికి లేదు. గాలి పొడిగా ఉండే ఎండాకాలంలో వద్దామంటే అప్పుడు కడెంలో ధార సన్నబడుతుంది. కారులో తిరిగి వస్తూ ఇదంతా ఆలోచించి నవ్వుకున్నాను. మా ఇంటావిడ ఏందని అడిగింది. జూల్ పెండ్లాం గురించి అన్నాను. "పాపం" అంది.

పిల్ల మొదటి ప్రశ్న ఇంకా బాకీ ఉంది. ఎడారి కూలర్ ఎడారి ఊళ్లో ఎందుకు లేదు?

దుబాయ్‌లో ఏడాదికి వాన వంద మిల్లీమీటర్ల అటూ ఇటూ. ఆదిలాబాద్‌లో వెయ్యి దాటుతుంది. వానను బట్టి అది ఎడారి, ఇది అడవి జిల్లా. కానీ చెమట వానను చూడదు, గాలిలో ఖాళీని చూస్తుంది. దుబాయ్ పక్కన ఉన్నది లోతులేని సముద్రం, ఆ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్ల చిల్లర. పెనం మీద పోసిన నీళ్లలా ఆగస్టుకు అది 32, 33 డిగ్రీలు దాటుతుంది. దాని మీంచి వచ్చే గాలి నిండు మైదానం. అంత తేమ ఉంటే వాన పడాలి కదా అనిపిస్తుంది. వాన పడాలంటే తడి గాలి పైకి లేచి చల్లబడాలి. అక్కడ వేసవిలో పైనుంచి గాలి కిందికి దిగుతూ మూత పెట్టినట్టు ఉంటుంది, తేమ లేవలేదు. ఆ మూత తొలగిన రోజు సంగతి వేరు. 2024 ఏప్రిల్ 16న ఆ దేశంలో అల్ ఐన్ దగ్గర ఒక చోట 24 గంటల్లోపే 254 మిల్లీమీటర్లు పడింది, మా వాడు కారు వదిలేసి నడిచి ఇంటికి చేరాడు.

పోయేటప్పుడు స్కేలు వాళ్లకే ఇచ్చేశాను. వత్తులు బాపమ్మ ఒక పొట్లం కట్టి ఇచ్చింది. సెప్టెంబరు మొదటి శనివారం రాత్రి ఎనిమిదింటికి సముద్రం ఒడ్డు నుంచి పిల్ల కొలత చెప్పింది: ఎండన్న 35, తడన్న 30. మార్చిలో మా వసారాలో 39 ఉన్నప్పుడు వాళ్లు ఉయ్యాల ఊగారు, అక్కడ 35కే ఇసుకలో ఆడలేక కారెక్కారు. అక్కడ మన కూలర్ పెడితే 31 కంటే దిగదు. తడన్న 35కు చేరితే మనిషి ఒంటికి చెమటతో చల్లబడే దారే ఉండదని లెక్క, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ అంతకు ముందే కష్టమవుతుందని తర్వాతి పరీక్షలు చెప్పాయి. తడన్న 28 దాటిన రోజు పిల్లల్ని బయట ఉరికించొద్దని మా వాడికి గట్టిగా చెప్పాను. మా పొడి ఎండ మంచిదని కాదు సుమా. ఇక్కడ చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఎగిరిపోతుంది. తెలియకుండా ఒంట్లో నీరు, ఉప్పు పోయి వడదెబ్బ తగిలేది ఆ పొడి గాలికే. దాహం లేకపోయినా ఉప్పేసిన సల్ల తాగిస్తుండాలి.

అల్ ఫహీదీ అనే పాత వాడకు కూడా పోయి వచ్చారట. అక్కడ ఇండ్ల మీద నాలుగు వైపులా తెరిచిన గాలి బురుజులుంటాయి, బార్జీల్ అంటారు. ఏసీలు రాకముందు పై గాలిని పట్టి గదిలోకి దించేవి. కొన్ని చోట్ల దాని దారిలో తడిగుడ్డ కట్టేవాళ్లట. పిల్ల ఆ మాట చెప్పి, "తాతా, గది కూడ తడన్ననే" అంది.

పోయిన ఆదివారం వీడియో ఫోన్. తెర నిండా తెల్లగా ఉంది, మధ్యలో ఉన్ని టోపీలో మనవడి మొహం. మంచు గదిలో ఉన్నారు. జేబులోంచి స్కేలు తీశాడు.

"తాతా, ఎండన్న మైనస్ రెండు. తడన్న సున్నా కాడ ఆగిండు. ఎంతసేపైనా దిగుతలేడు. వత్తి గట్టిగైంది!"

కుర్చీలోంచి లేచాను. నీళ్లు గడ్డ కట్టేటప్పుడు అవి దాచుకున్న వేడిని బయటికి వదులుతాయి, మొత్తం గడ్డ కట్టేదాకా థర్మామీటర్ సున్నా దగ్గరే నిలబడుతుంది. పుస్తకంలో గీత గీసి వందసార్లు చెప్పాను, ఒక్కసారీ చూపించలేదు. మా ఊళ్లో సున్నా ఎక్కడిది?

"ఎంతసేపు ఆగిండు కొడుకా? లెక్క పెట్టినవా?"

వాడు అక్క వైపు చూశాడు. అక్క వాడి వైపు చూసింది.

"లేదు తాతా. వచ్చే శనివారం మల్ల వస్తం. గడియారం పెట్టుకొని వస్తం."

వెనక నుంచి మా వాడి గొంతు వినపడింది, టికెట్టు ధర ఎంతో చెబుతున్నాడు.